ఇనుము తగలని పిల్లవాడు

ఎల్‌కేజీ మొదలైన రోజున నేనా పిల్లవాణ్ని ఆడపిల్లల వరుసలో కూర్చోబెట్టాను. రెండు జడలు, జడల చివర ఎర్ర రిబ్బన్లు, నుదుట ఇంత కాటుక బొట్టు. ఆడపిల్ల కాక ఇంకేమనుకుంటాం? గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక పెద్దావిడ చెప్పులు విడిచి గబగబా లోపలికి వచ్చింది.

"మేడమ్, ఆడు మగపోరడు. మంచిగ చూసి కూసోవెట్టు" అంది, అందరి ముందే.

పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. మా ఆయన బొగ్గుబావిలో ఉద్యోగం చేసి రిటైరైనా, ఇంట్లో మంట మాత్రం ఆరలేదని మా చుట్టాలు నా గురించి అంటుంటారు.

"మగపిలగాడైతే కటింగ్ చేపిచ్చి తోల్కరావాలె. బడికో పద్ధతుంటది" అన్నాను.

"పుట్టెంటికలు మేడమ్. ఇంక ఇయ్యలే."

దాంతో నా నోరు మూతపడింది. పుట్టు వెంట్రుకల మీద రూలు పెట్టే ధైర్యం మా నస్పూర్‌లో ఏ బడికీ లేదు.

ఆమె ఆ పిల్లవాడి నాయనమ్మ. మా వైపు వాళ్లు అనేట్టు బాపమ్మ. చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున వాళ్ల ఊరు. కొడుకు గల్ఫ్‌లో బిల్డింగుల పనికి పోయాక, మనవడి చదువు కోసమని కోడల్ని వెంటబెట్టుకుని నస్పూర్ వచ్చి రెండు గదులు అద్దెకు తీసుకుంది. మా దగ్గర పుట్టు వెంట్రుకలు బేసి సంవత్సరంలోనే తీస్తారు. మొదటి ఏడు తప్పితే మూడో ఏడు, అదీ తప్పితే అయిదో ఏడు. మొదటి ఏడు ఆ తండ్రికి సెలవు దొరకలేదు. మూడో ఏడు సెలవు దొరికే వేళకు అక్కడ పనిచేసే కంపెనీ మారి కాగితాలు చిక్కుపడ్డాయి. ఇక అయిదో ఏడు. తండ్రి ఎత్తుకుని గుడి చుట్టూ తిరిగితే గాని వెంట్రుకలు ఇవ్వకూడదని ఆమె మొక్కు. అందుకని పిల్లవాడు జడలు వేసుకుని, అ ఆ లు దిద్దుకుంటూ, తండ్రి కోసం ఎదురుచూస్తున్నాడు.

సోమవారం సోమవారం నేను పిల్లల గోళ్లు చూస్తాను. ఈ పిల్లవాడి గోళ్లు పొట్టిగానే ఉండేవి గాని, అంచులు వంకరటింకరగా ఉండేవి. నోట్లో వేలు పెట్టుకుని కొరుక్కుంటున్నాడేమోనని గదమాయించాను.

"నేను కొరుకుతలేను మేడమ్. మా అమ్మ కొరుకుతది" అన్నాడు.

అప్పుడు నవ్వాను. ముద్దుకేమో అనుకున్నాను. గోరు కత్తెర కూడా ఇనుమేనని, ఆ ఇంట్లో ఆ పిల్లవాడి ఒంటికి ఇనుమన్నది తగలనివ్వరని నాకప్పటికి తెలియదు.

ఇక అదే క్లాసులో చదవాల్సిన ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడు మా బడిలోనే నర్సరీలో చేరింది. తండ్రి బొగ్గుబావిలో పనిచేస్తాడు, వాళ్లుండేది కంపెనీ క్వార్టర్లలో. చేరిన కొన్నాళ్లకే జ్వరం వదలక, ఒంటి మీద నీలం మచ్చలు లేచి, కంపెనీ దవాఖాన నుంచి హైదరాబాదు పంపారు. రక్తంలో క్యాన్సర్ అని తేలింది. గట్టిగా నవ్వే పిల్ల. ప్రేయర్‌లో కళ్లు మూసుకోమంటే ఒక కన్ను తెరిచి నన్నే చూసేది.

దాదాపు ఏడాది వైద్యం నడిచింది. ఆ వానాకాలం మొదట్లో ఒకరోజు వాళ్లమ్మ బడికి వచ్చింది. మనిషి సగమైంది గాని ముఖంలో వెలుగుంది.

"డాక్టర్లు బడికి పంపచ్చన్నరు మేడమ్. మందులు ఇంక నడుస్తయి గని, పంపచ్చట" అంది. ఆ మాట అంటూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకళ్లను చూసి ఒకళ్లం నవ్వుకున్నాం.

తర్వాత అసలు విషయం చెప్పింది. బిడ్డకు చిన్నప్పుడు వేయించిన టీకాల బలమంతా ఈ వైద్యంలో కొట్టుకుపోయిందట. తట్టు టీకా మళ్లీ వేయాలంటే వైద్యమంతా అయిపోయి ఇంకొంత కాలం గడవాలట. అంతదాకా ఆ పిల్లకు తట్టు గిట్ల సోకితే తట్టుకోవడం కష్టమన్నారు. చుట్టూ ఉండే పిల్లలంతా టీకాలు వేయించుకుని ఉంటే అదే ఆమెకు కంచె అన్నారు.

"మన క్లాసుల అందరికీ అయినయా మేడమ్? జర కనుక్కొని చెప్పరా? రోజూ పొద్దుగాల్నే బ్యాగేసుకొని గేటు కాడ నిలవడుతది. ఆటో పోయినాక లోపలికచ్చి బ్యాగు తీస్తది. చూడలేకపోతున్న."

ఇంతలో పక్క కాలనీలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసిందని తెలిసింది. అడిగింది నెరవేర్చడం నాకెంతసేపు అనుకున్నాను. క్లాసు వాట్సాప్ గ్రూపులో, మీ పిల్లలకు టీకాలన్నీ అయ్యాయా, చెప్పండి అని రాశాను. ఫలానా అమ్మాయి కోసమని రాయలేదు, ఒక పిల్ల ఆరోగ్యం కోసమని మాత్రం రాశాను. అంతే, గ్రూపు కాస్తా సంతైంది. ఒకాయన ఏదో వీడియో పంపాడు. అందులో తెల్లకోటు వేసుకున్న మనిషెవరో టీకాలతో పిల్లలు మందకొడిగా తయారవుతారని చెబుతున్నాడు. దానికి పది బొటనవేళ్లు, పది కోపం ముఖాలు. ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదని కరస్పాండెంట్‌కు చెప్పి మీటింగ్ పెట్టించాను.

మీటింగ్‌లో కరస్పాండెంట్ లేచి, ఇకమీదట టీకాలు లేని పిల్లలకు బడిలో చోటు లేదని రూలు పెడుతున్నామన్నాడు. నేను బల్ల చరిచి మరీ సమర్థించాను. ఇప్పుడూ సమర్థిస్తాను. నేను బెల్లంపల్లిలో చదువుకునే రోజుల్లో టీకాలవాళ్లు వస్తున్నారంటే మా సారు బడి తలుపులు మూయించి గొళ్లెం పెట్టేవాడు. గోడ దూకబోయిన వాణ్ని కాలు పట్టి కిందికి లాగేవాడు. మా అవ్వాబాపుల సంతకం ఎవరడిగారు? సాయంత్రం చెయ్యి వాచి ఇంటికి పోతే, పొమ్మని ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టేవాళ్లు.

"నాకు బావిల దిగాలంటే నెత్తికి టోపీ, టోపీకి లైటు లేకుంటే దిగనియ్యరు" అన్నాడు ఒక తండ్రి. "నా తలకాయ నా ఇష్టమంటే నడుస్తదా? నేనొక్కన్ని పడితే ముగ్గురు మోస్తరు. గిదీ అంతే."

"తలకాయకు టోపీ పెట్టుడు వేరే, పెయ్యిలకు మందు ఎక్కిచ్చుడు వేరే" అన్నాడు వీడియో పంపినాయన. సెల్‌ఫోన్ల షాపు ఆయనది. "నా బిడ్డకు నేను అన్నీ ఏపిచ్చిన. గని నువ్వు ఏపియ్యాలె, లేకుంటే ఎల్లగొడ్త అంటే మాత్రం నాకు నచ్చదు. గిది బడా, పోలీస్ ఠాణానా?"

"అన్నీ వేయించినవాడివి ఆ వీడియో ఎందుకు పంపినవయ్యా?" అని అరిచాను. ఎవరో పంపితే పంపానన్నాడు. నాకు చెప్పుకోలేనంత కోపం వచ్చింది.

అప్పుడు వెనక బెంచీలో ఒక తల్లి మెల్లగా మాట్లాడింది. పెద్దవాడికి టీకా వేయించిన సాయంత్రం జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయట. ఏమీ కాలేదు, బాగానే ఉన్నాడు, చిన్నదానికీ వేయించింది. "గని మేడమ్, గంత లొల్లి పెట్టకుండ్రి. ఏపిచ్చేటోల్లకు గూడ గుండె దడదడ కొట్టుకుంటది. గది మీ రూల్‌ల ఉండది" అంది. బల్ల మీంచి చెయ్యి తీసేశాను. కూర్చున్నాను.

అందరూ ఎవరి పిల్లల సంగతి వాళ్లు చెప్పారు. అందరికీ అయ్యాయి. చివర్లో కిటికీ పక్కన ఆ బాపమ్మ లేచింది.

"మా పోరనికి కాలే" అంది. "పుట్టినప్పుడు దవాఖానల ఇచ్చినయే. ఎన్కనుంచి ఏమియ్యలే. ఎంటికలు ఇచ్చేదాక ఇయ్యం."

హాలంతా ఆమె వైపు తిరిగింది. కరస్పాండెంట్ గొంతు సవరించుకుని, వారం టైమిస్తామని, లేకపోతే టీసీ తీసుకుపోవాల్సి వస్తుందని అన్నాడు.

"ఇయ్యిరి" అంది ఆమె. కోపంగా కాదు. చిల్లర లేదంటే రేపిమ్మన్నంత మామూలుగా అని, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం, వాళ్లింటికి వెళ్లాను. నచ్చజెబుదామని వెళ్లానని అందరికీ చెప్పాను గాని, నిజానికి పోట్లాడదామనే వెళ్లాను. కోడలు గోడకు ఆనుకుని బీడీలు చేస్తోంది. ఒడిలో చేట, చేతిలో ఆకు కత్తిరించే కత్తెర. పిల్లవాడు గదికి ఆ చివర బొమ్మ జేసీబీతో ఆడుకుంటున్నాడు. మధ్యలో అడ్డంగా మంచం వేసి ఉంది. పిల్లవాడు కత్తెర పక్కకు రాకుండా వేసిన మంచమని కాసేపటికి అర్థమైంది.

"ఏమవ్వా, ఎంటికలకు, సూదికి ఏం సంబంధం?" అన్నాను.

ఆమె నాకు చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది.

"వీడు నెలలు నిండకముందే పుట్టిండు మేడమ్. గింత, జొన్నరొట్టెంత ఉన్నడు. అద్దాల పెట్టెల పెట్టిండ్రు. చేతికి సూది, కాలికి సూది, ఆఖరికి నెత్తికి సూది. యాడ నరం దొరికితే ఆడ పొడిచిండ్రు. పాపం, వాళ్లు బతికిచ్చుటానికే పొడిచిండ్రు, నేనెవ్వల్ననలే. గని నేను అద్దంలకెల్లి చూసేదాన్ని. ఏడుస్తె సప్పుడు గూడ ఇనరాకపోతుండె. గప్పుడు మా పోచమ్మ తల్లికి మొక్కిన. అమ్మా, గీ పోరన్ని నా ఇంటికి తోల్కపోనియ్యి. వీని అయ్య ఎత్తుకొని నీ గుడి సుట్టు తిరిగి ఎంటికలు ఇచ్చేదాక ఇనుమన్నది వీని పెయ్యికి తగలనియ్య అన్న. తెల్లారి కండ్లు తెరిచిండు."

నేను పోట్లాటకు తెచ్చుకున్న మాటలన్నీ చప్పబడిపోయాయి. అయినా నా నోరు ఊరుకోదు గదా.

"సూది ఇనుము గాదవ్వా, స్టీలు" అన్నాను.

"స్టీలైతే ఏంది, ఇనుముకు పుట్టిందే గద" అంది. గోడ దగ్గర కోడలు నవ్వు ఆపుకుంది.

"పిలగాని మంచికే గదా. అమ్మ ఏమనుకోదు."

"ఏమనుకోదని నీకు చెప్పిందా మేడమ్?"

నేను బీఈడీ చదివాను గాని ఆ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు. కోడల్ని అడిగాను, నీకేమనిపిస్తోందమ్మా అని. ఆమె కత్తెర చేటలో పెట్టి, "నాకు ఏపియ్యాల్ననే ఉన్నది మేడమ్. గోవరు వస్తే ఎట్లుంటదో నాకెర్కే. గని అత్తమ్మ మాట కాదని ఏపిచ్చినంక వీనికి రేపు చిన్న పడిశమైనా, అగో ఇందుకే అనిపిస్తది. ఆమెకే కాదు, నాకూ అనిపిస్తది" అంది. ఆమె పుట్టిల్లు నది అవతల మహారాష్ట్ర వైపు. తట్టును వాళ్లు గోవరు అంటారు.

అప్పుడే గల్ఫ్ నుంచి కొడుకు వీడియో కాల్ వచ్చింది, మధ్యాహ్నం అన్నం వేళ. సంగతి విని ఆ అబ్బాయి తల గోక్కున్నాడు. "నేను గీడికి రావాల్నంటే సూదులు పొడిపిచ్చుకోకుంటే రానియ్యలే అవ్వా. నీ ఇష్టమేందని నన్నెవడన్న అడిగిండా? వానికి గూడ ఇప్పియ్యి" అన్నాడు.

"నువ్వు ఎప్పుడస్తవ్ కొడుకా?" అంది ఆమె.

అతను ఫోన్ పక్కకు తిప్పాడు. కాసేపు తెర మీద అతని వెనకాల గోడ, గోడకు తగిలించిన హెల్మెట్లు మాత్రం కనిపించాయి. తర్వాత, "నువ్వెట్లంటే అట్ల అవ్వా" అని పెట్టేశాడు.

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఆ అమ్మాయి తల్లికి ఫోన్ చేసి, ఒక్క పిల్లవాడే మిగిలాడని, వాడి పేరు కొట్టేస్తున్నారని, వచ్చే వారం నుంచి బిడ్డను పంపమని చెప్పాను. శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాను. వాళ్లు టీకా ఎందుకియ్యలేదట అని ఆమె అడిగింది. చెప్పాను. మర్నాడు సాయంత్రం స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది.

"వాళ్లిల్లు జర చూపియ్యిరి మేడమ్."

గొడవకే పోతోందనుకున్నాను. కడుపు మండిన తల్లి, అడ్డుకునే హక్కు నాకెక్కడిది? స్కూటీ ముందర నిలబడి ఆ చిన్నది, ముఖానికి మాస్కు, తలకు గులాబీ రంగు స్కార్ఫు. వాళ్లాయన డ్యూటీలో ఉన్నాడట, ఒంటరిగా వదల్లేక తెచ్చిందట. నన్ను చూసి పిల్ల ఒక కన్ను మూసింది. నా ప్రాణం లేచి వచ్చింది.

వాళ్లింటికి చేరాక పిల్లను స్కూటీ దగ్గరే ఉండమంది తల్లి. కానీ బాపమ్మ ఊరుకుంటుందా? పిల్లను ఎండలో నిలబెట్టారేందని తనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. మేమెవరమో, ఎందుకొచ్చామో ఇంకా చెప్పనే లేదు. గదిలో ఉక్క. పిల్ల స్కార్ఫు లాగేసి పక్కన పడేసింది. నున్నటి గుండు.

బాపమ్మ ముఖం విచ్చుకుంది. ఆ గుండు మీద ప్రేమగా చెయ్యి వేసింది. "ఎంటికలు ఇచ్చిండ్రా? ఏడ ఇచ్చిండ్రు బిడ్డా, ఏములాడలనా, కొండగట్టు కాడనా?" అంది.

మా దగ్గర ఎవరైనా అదే అడుగుతారు. గుండు కనిపిస్తే గుడి పేరు అడుగుతారు.

"ఏడియ్యలే అవ్వా" అంది ఆ తల్లి. "పుట్టెంటికలు ఏములాడలనే ఇచ్చినం. గివి ఎవ్వలకియ్యలే. మందులకు పోయినయి. దువ్వెనకు కొన్ని వచ్చినయి, మెత్త మీద కొన్ని రాలినయి. ఓనాడు నీళ్లు పోస్తుంటే నా చేతులకే వచ్చినయి. ఏ దేవునికన్న ఇద్దామని కవర్ల మూట గట్టిన. తీసుకుంటడో తీసుకోడో తెల్వక దవాఖాన చెత్తడబ్బల ఏసిన."

బాపమ్మ చెయ్యి పిల్ల తల మీదే ఆగిపోయింది. పిల్లే మాట్లాడింది. తన చెయ్యి చాపి, ముంజేతి మీద నల్లబడ్డ మచ్చలు ఆమెకు చూపించింది. "గీడ సూదేస్తరు. గీడ గూడ. నేను ఏడువను. కొత్త సిస్టరైతే కొంచెం ఏడుస్త" అంది గొప్పగా. మంచం అవతల జడల పిల్లవాడు జేసీబీ ఆపి నోరు తెరుచుకుని వింటున్నాడు.

అప్పుడు చెప్పింది ఆ తల్లి, తనెవరో, ఎందుకొచ్చిందో. నేననుకున్నదేదీ ఆమె అనలేదు.

"మీ పోరని పేరు కొట్టెయ్యద్దని మేడమ్‌కు మీ ముందే చెప్దామని వచ్చిన. మొక్కు తప్పుమని నేనెట్లంట అవ్వా? గీ ఏడాదిల నేనెంత మందికి మొక్కిన్నో నాకే తెలుసు. అండ్ల ఒక్కటి తప్పుమన్నా తప్ప. మా బిడ్డ ఇన్నొద్దులు ఇంట్ల కూసున్నది, ఇంకిన్నొద్దులు కూసుంటది. నేనే చదువు చెప్పుకుంట. మీ పిలగాడు బడికి పోవాలె."

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. గేటు దగ్గర బ్యాగేసుకుని నిలబడే పిల్ల గురించి చెప్పి ఏడ్చిన మనిషి ఈమేనా? గట్టిగా ఏదో అనబోయి, ఆమె బిడ్డ స్కార్ఫు తీసి మడత మీద మడత పెడుతుండడం చూసి ఆగిపోయాను.

బాపమ్మ పిల్లను తన పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల ఏం తినొచ్చని అడిగింది. తొక్క తీసినవి పెట్టొచ్చంటే, చేతులు సబ్బుతో కడుక్కుని అరటిపండు ఒలిచి ముక్కలు ముక్కలుగా పెట్టింది. పిల్ల తిన్నంతసేపూ దాని తలనే చూస్తూ కూర్చుంది. మేము లేచి వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. అంతే.

బుధవారం పొద్దున నేను బడికి తయారవుతుంటే వాకిట్లో ఆమె గొంతు. "నడువు మేడమ్" అంది. వెనకాల కోడలు, కోడలి చంకలో నాలుగేళ్ల పిల్లవాడు. రెండు జడలూ కొత్తగా వేసి ఉన్నాయి. బుధవారాలు మా అంగన్‌వాడీలో టీకాలు వేస్తారు. ఎక్కడికని అడగలేదు నేను. చెప్పులేసుకుని నడిచాను.

అంగన్‌వాడీలో తల్లులు పసిపిల్లలతో కూర్చుని ఉన్నారు. ఇంత పెద్ద పిల్లవాణ్ని, అదీ జడలతో, అందరూ వింతగా చూశారు. నర్సమ్మ అన్నీ అడిగి, ఈ రోజు రెండు సూదులు, చుక్కల మందు, మిగతావి తర్వాత అంది. కోడలు పిల్లవాణ్ని ఒడిలో కూర్చోబెట్టుకోబోతే బాపమ్మ ఆపింది.

"నువ్వు పట్టుకోకు. నాకియ్యి."

పిల్లవాణ్ని ఒడిలోకి తీసుకుని, వాడి ముఖం తన రొమ్ముకు అదుముకుంది. నర్సమ్మ సూది పట్టుకుని వంగింది. బాపమ్మ తలెత్తి, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ, పక్కింటామెతో మాట్లాడినట్టు పైకే మాట్లాడింది.

"అమ్మా, చూస్తున్నవు గద. తోల్కచ్చింది నేను. పట్టుకున్నది నేను. నీకిచ్చిన మాట తప్పింది నేను. గీ పోరనికేం తెల్వది, వీని తల్లికేం తెల్వది. పట్టుకుంటే నన్ను పట్టుకో."

నర్సమ్మ ఆమె మాట పూర్తయ్యేదాకా సూది గాల్లోనే ఉంచింది. తర్వాత బాపమ్మ కళ్లు మూసుకుని, "ఇగ ఇయ్యి బిడ్డా" అంది.

పిల్లవాడు ఏడ్చాడు, అందరు పిల్లల్లాగే. నేనూ ఏడ్చాను. నన్ను మాత్రం ఎవరూ సూదితో పొడవలేదు.

ఆ సాయంత్రం వాడికి ఒళ్లు వెచ్చబడింది. నర్సమ్మ ముందే చెప్పింది, మందూ ఇచ్చింది. అయినా నేను వెళ్లేసరికి అత్తా కోడళ్లిద్దరూ వాడికి చెరో పక్క బొమ్మల్లా కూర్చున్నారు. ఫికర్ చేయొద్దు, ఇది మామూలే అని ఎన్నిసార్లు చెప్పానో. అలా చెబుతూనే నేనూ వాడి నుదురు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మీటింగ్‌లో వెనక బెంచీలో ఆ తల్లి అన్న గుండె దడ నాకప్పుడు తెలిసింది. మర్నాటికి జ్వరం తగ్గి, వాడు జేసీబీతో ఇల్లంతా తవ్వుతున్నాడు.

వాడి టీకా పట్టేదాకా కొన్ని వారాలు ఆగి ఆ పిల్లను పంపమన్నారు డాక్టర్లు. ఆగారు. దసరా సెలవులకు ముందు ఆ అమ్మాయి బడికి వచ్చింది. నేను రోజూ చేసినట్టే ప్రేయర్ చేయించి, కళ్లు మూసుకోండి అన్నాను. ఎవరు తెరిచి చూస్తున్నారో నాకు తెలుసు గనక ఆ రోజు నేనే కళ్లు మూసుకున్నాను. కరస్పాండెంట్ మాత్రం స్టాఫ్‌రూంలో, "చూసిండ్రా, రూలు పెట్టంగనే ఎట్ల దారికచ్చిండ్రో" అన్నాడు. రూలును సమర్థించింది నేనే, ఇప్పటికీ వద్దనను. కానీ ఆ మాటకు చాయ్ గ్లాసు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

చలికాలం మొదలయ్యేసరికి బాపమ్మ కుంటుతూ కనిపించింది. కుడి మోకాలు కుండలా వాచింది. మనవణ్ని బడి మెట్లు ఎక్కించడానికి రెయిలింగు పట్టుకుని ఆగి ఆగి ఎక్కుతోంది. రోజులు గడిచినా తగ్గలేదు. నాకు ఓపిక నశించి ఒకరోజు మెట్ల మీదే నిలదీశాను. దవాఖానకు ఎందుకు పోవు, కనీసం గోలీ ఎందుకు వేసుకోవు, కోడలు బతిమాలుతోందట గదా అని అరిచాను.

ఆమె నవ్వింది. నిజంగానే సంతోషంగా నవ్వింది. మనవడు క్లాసులోకి పోయాడా లేదా అని చూసుకుని, నా చెవి దగ్గరకు వంగింది.

"లొల్లి చెయ్యకు మేడమ్. కోడలికి చెప్పకు, పరేషాన్ అయితది. అమ్మ నా మాట ఇన్నది. నన్నే పట్టుకున్నది. గిప్పుడు గోలీ ఏసుకొని నేను ఎల్లగొడితే, ఆమె ఏడికి పోతది? ఇంట్ల ఇంకెవ్వలున్నరు? వాని అయ్య వచ్చి ఎంటికలు ఇచ్చేదాక నా కాడనే ఉండనియ్యి."

అని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది.